మోరిస్ ట్రావెలర్ కొనే ముందు: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ఎక్కడైనా పాత మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ట్రావెలర్ అమ్మకానికి వచ్చిందంటే చాలు, ఇక్కడున్న మనవాళ్ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మన అంబాసిడర్‌కి అక్క లాంటి బండి! వెనకంతా చెక్క, చూడముచ్చటగా ఉంది. అడ్వాన్సు ఇచ్చేయనా?" ఇలాంటి బండ్లకు చెక్క బాడీలు కట్టడమే నా పని. అందుకే ఒక్కసారి వివరంగా రాసేస్తున్నాను.

అపోహ: ఆ చెక్క అలంకారం కోసమే. కాస్త పుచ్చినా పాలిష్ కొట్టిస్తే సరిపోతుంది.

వాస్తవం: కాదు. కొన్నవాళ్లను నిలువునా ముంచేది ఈ ఒక్క మాటే. ఈ బండిలో వెనక సగం బాడీ నిలబడేదే ఆ చెక్క చట్రం మీద. రేకులు, అద్దాలు, వెనక తలుపులు అన్నీ దాన్నే పట్టుకుని ఉంటాయి. 1953 నుంచి 1971 దాకా వచ్చిన, మోరిస్ వాళ్లదే చిన్న బండి మైనర్ ట్రావెలర్‌దీ ఇదే కథ. చట్రం కుళ్లిందంటే ఇంట్లో దూలం కుళ్లినట్టే, పైన రంగెంత వేసినా లాభం లేదు.

మనవాళ్లు దీన్ని టేకు లెక్కన చూస్తారు. ఊళ్లో తాతల నాటి గుమ్మాలు ఇంకా చెక్కుచెదరలేదు కదా, ఇదీ అంతేలే అనుకుంటారు. ఇది ఆష్ కలప. దెబ్బకు విరగదు, వంగి తట్టుకుంటుంది, అందుకే సుత్తి పిడులకూ వాడతారు. మోర్గాన్ కార్లలో ఇప్పటికీ ఇదే వాడుతున్నారు. కానీ తేమకు మాత్రం అస్సలు ఆగదు. అద్దాల కింద పట్టీలోకి, అతుకుల్లోకి నీరు దిగితే ముందు నల్లబడుతుంది, తర్వాత చేవ చచ్చి మెత్తబడుతుంది. పైకి మాత్రం వార్నిష్ తళతళలాడుతూనే ఉంటుంది.

కాబట్టి ముందు రంగు చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఆష్ లేత పసుపుగా, తేనె రంగులో ఉంటుంది. బండి చెక్క ముదురు గోధుమ రంగులో, రోజ్‌వుడ్ బీరువాలా కనిపిస్తే, నల్లమచ్చలు కప్పడానికి రంగు పట్టించారేమోనని అనుమానించాలి. తర్వాత అద్దాల కింది పట్టీ, చక్రం పైన వంపు చెక్క, వెనక తలుపుల కింది మూలలు వేలితో గట్టిగా నొక్కండి. వెనక తలుపులు తెరిచి మూసి చూడండి. ఒకటి కిందికి వాలి రెండోదానికి రాసుకుంటుంటే చట్రం కదిలిందని అర్థం. చివరగా అమ్మేవాళ్లను అడిగి, మొండి స్క్రూడ్రైవర్‌తో కింది పట్టీని అడుగు వైపు నుంచి నొక్కండి. వద్దంటే అక్కడితో దండం పెట్టి వచ్చేయండి.

ఆమధ్య ఒక చెల్లెమ్మ అడ్వాన్సు కట్టేశాక ఫోన్ చేసింది. వాళ్ల నాన్నగారు జీవితమంతా అంబాసిడర్ నడిపారట, ఆయన చూడ్డానికి వచ్చేసరికి ఈ బండి ఇంటి ముందు ఉండాలని ఆశ. గొంతులోనే భయం తెలుస్తోంది. ఇద్దరం వెళ్లాం. ఫొటోల్లో కంటే బాగుంది బండి. చక్రం వంపు దగ్గర స్క్రూడ్రైవర్ ఆనించానో లేదో, తడిసిన అటుకుల్లో దిగినట్టు లోపలికి పోయింది. బయటికి తీస్తే మొన మీద తెల్లటి పుట్టీ పొడి. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. అడ్వాన్సులో సగమే వెనక్కి ఇచ్చారు. అయినా అదే మేలు. ఒక పక్క చట్రం మార్చాలన్నా రేకులు, అద్దాలు, లోపలి గుడ్డ అన్నీ విప్పాల్సిందే. ఆ ఖర్చు వేల పౌండ్లలో ఉంటుంది.

అపోహ: అంబాసిడరే కాబట్టి పార్టులన్నీ ఇండియా నుంచి చవగ్గా తెప్పించుకోవచ్చు.

వాస్తవం: సగం నిజం. అంబాసిడర్‌కి మూలం 1956 నాటి ఆక్స్‌ఫర్డ్ సీరీస్ 3. 1489 సీసీ ఇంజను, ముందు సస్పెన్షన్ ఒకే కుదురువి, కాబట్టి కొన్ని పార్టులు పనికొస్తాయి. కానీ 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్‌లో మార్పులు బోలెడు వచ్చాయి. అందుకని పాత పార్టు పక్కన పెట్టి పోల్చకుండా ఆర్డర్ పెట్టకండి. ఇక వెనక చెక్క భాగానికి అంబాసిడర్ నుంచి ఒక్క మేకు కూడా రాదు.

అపోహ: నలభై ఏళ్లు దాటిన బండికి ఎమ్ఓటీ (ఇక్కడ ఏటా చేసే బండి ఫిట్‌నెస్ పరీక్ష) అక్కర్లేదు కాబట్టి భయం లేదు.

వాస్తవం: 2018 మే నుంచి, పెద్ద మార్పులు చేయని పాత బండ్లకు ఏటా ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అంతమాత్రాన బండి బాగున్నట్టు కాదు. ప్రమాదకరంగా ఉన్న బండి రోడ్డెక్కితే నేరం మీదే. నన్నడిగితే, డబ్బు ఇచ్చే ముందు ఎమ్ఓటీ చేయించి చూపించమనండి. కలప కుళ్లితే అక్కడ ఫెయిల్ చేస్తారు.

అపోహ: అరుదైన బండి, ధర పెరుగుతూనే ఉంటుంది.

ఇది అమ్మేవాళ్ల మాట. మైనర్ ట్రావెలర్లు రెండు లక్షలకు పైగా తయారయ్యాయి, వాటికి కొత్త చట్రాలు ఇప్పటికీ దొరుకుతాయి. ఆక్స్‌ఫర్డ్‌వి నిజంగానే తక్కువ మిగిలాయి. తక్కువ కాబట్టే దాని చట్రం ఒక్కో ముక్కా చేత్తో కొలిచి కోయాలి. ఆ కూలి లెక్క వేసుకున్నాకే బేరం మొదలుపెట్టండి.

చెక్కతో ఈ తిప్పలన్నీ పడలేననుకునేవాళ్లు 1957లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ సీరీస్ 4 ట్రావెలర్ వెతకండి. అది పూర్తిగా ఉక్కు బాడీ. తుప్పు చూసుకోవాలి గానీ, దాన్ని కోసి అతికే వెల్డర్ ఏ ఊళ్లోనైనా దొరుకుతాడు.