మోకాళ్ళ నొప్పి దాచుకుని యెరూషలేం రాకండి

మా యెరూషలేం యాత్ర బుకింగ్ ఫారంలో ‘ఆరోగ్య సమస్యలు’ అని ఒక గడి ఉంటుంది. దాదాపు అందరూ అందులో ఒకటే రాస్తారు: ‘దేవుని కృపవల్ల ఏమీ లేవు’. యెరూషలేం చేరాక, ఒలీవల కొండ దిగేటప్పుడు ఒక్కొక్కటీ బయటపడతాయి. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి స్టెంట్, ఇంకొకరికి ఇన్సులిన్. “ముందే చెప్పొచ్చు కదమ్మా” అంటే, “చెబితే టూర్‌లోంచి తీసేస్తారని అన్నారు బ్రదర్” అంటారు.

ఎవరన్నారో నాకు తెలియదు. గ్రూపుల్ని తీసుకెళ్ళడం మొదలుపెట్టి పన్నెండేళ్ళయింది, నాకు అన్నిటికంటే కోపం తెప్పించే పుకారు ఇదే. డాక్టరు గారు ప్రయాణమే వద్దన్నారంటే అది వేరే సంగతి. మెట్లెక్కలేకపోవడం, ఎక్కువసేపు నిలబడలేకపోవడం ఎవరినీ ఆపేసే కారణాలు కావు. అవి మేం ముందుగా చూసుకోవాల్సిన ఏర్పాట్లు, అంతే.

దీనికి తోడు ఇంకో నమ్మకం: “ఏసీ బస్సు కదా, గుడి ముందే దింపుతారు.” దింపరు. దింపలేరు. పాత నగరం మొత్తం ఒక చదరపు కిలోమీటరు కూడా ఉండదు. చుట్టూ ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ 1537-41 మధ్య కట్టించిన గోడ. లోపల సందులు. బస్సు గేటు దగ్గరే ఆగిపోతుంది. యేసు సిలువ మోసుకెళ్ళిన దారిగా చెప్పే సిలువ మార్గంలో, ఆగి ప్రార్థించే 14 స్థలాలూ కలిపి చూస్తే సుమారు 600 మీటర్లే, కాగితం మీద ఏముంది? కానీ అది మన కాలనీ రోడ్డు కాదు. రాళ్ళు అరిగి నున్నబడి ఉంటాయి, వాన పడితే జారతాయి. మధ్యమధ్యలో మెట్లు. రెండు పక్కలా దుకాణాలు, ఎదురుగా సామాన్ల బండి, వెనక సిలువ మోసుకొస్తున్న ఇంకో దేశపు గ్రూపు. ఆగి ఊపిరి తీసుకుందామంటే చోటుండదు. చివరి అయిదు స్థలాలు పరిశుద్ధ సమాధి దేవాలయం లోపల ఉంటాయి, మేం గుడి అనేది దీన్నే. గుమ్మం దాటగానే కుడిపక్కన, యేసును సిలువ వేసిన చోటైన గొల్గొతాకు నిటారు రాతి మెట్లు. అవి దిగాక యేసు సమాధి దగ్గర క్యూ, రద్దీ రోజుల్లో గంటకు పైనే నిలబడాలి. అక్కడి తలుపేమో నడుం బాగా వంచితేగాని లోపలికి పోలేనంత పొట్టిది.

కొన్నేళ్ళ కిందట ఒక రిటైర్డ్ టీచరు గారు మాతో వచ్చారు. పెన్షన్ డబ్బు కొంచెం కొంచెంగా దాచుకుని వచ్చారు. ఫారంలో షరా మామూలే, ఏమీ లేవు. లయన్స్ గేట్ దాటగానే కుడివైపు బేతెస్ద కోనేరు, పక్కనే సెయింట్ ఆన్ చర్చి. క్రూసేడర్ల కాలం నాటి రాతి కట్టడం, లోపల పాట పాడితే ప్రతిధ్వని చాలాసేపు తిరుగుతుంది. మా వాళ్ళు రెండు పాటలు పాడారు, అందరి కళ్ళల్లో నీళ్ళు. లేచి బయల్దేరేసరికి ఆవిడ లేవలేదు. “మీరు వెళ్ళి రండి బాబూ, నేనిక్కడే ప్రార్థన చేసుకుంటా” అన్నారు. ముందురోజు కొండ దిగినప్పుడే మోకాలు వాచిందట, చీర కింద క్రేప్ బ్యాండేజీ. ముప్పై ఎనిమిదేళ్ళుగా రోగంతో ఉన్నవాడు యేసు మాటతో పరుపెత్తుకుని నడిచిన చోట ఆవిడ కూర్చుండిపోయారు. మర్నాడు మా ఫ్లైటు. గొల్గొతా చూడకుండానే తిరిగొచ్చారు.

ముందే తెలిసుంటే ఏం చేసేవాణ్ణి? కొండ మీద నుంచి కింద ఉన్న గెత్సేమనే తోటకు ఆవిడను టాక్సీలో దింపేవాణ్ణి. మర్నాడు తెల్లవారుజామునే జాఫా గేటు వైపు నుంచి తీసుకెళ్ళేవాణ్ణి, అటునుంచి దూరం తక్కువ. గుడి తలుపులు చీకటితోనే తెరుస్తారు (ఆ తాళంచెవి శతాబ్దాలుగా ఒక ముస్లిం కుటుంబం దగ్గర ఉంటుంది, ఆ కథ ఇంకోసారి). ఆ వేళలో జనం పలచగా ఉంటారు. పై మెట్లు ఎక్కలేకపోయినా ఫరవాలేదు. కిందనే ఆదాము చాపెల్ ఉంది, అక్కడ అద్దం వెనక గొల్గొతా బండ, దానిలోని పగులు కనిపిస్తాయి. ఈ సంగతి చాలా గ్రూపులకు తెలియదు, మెట్లెక్కి దిగి వెళ్ళిపోతారు.

కాబట్టి చెప్పండి. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ కావాలంటే టికెట్‌తోపాటే అడగాలి. పాత జబ్బు దాచి ఇన్సూరెన్స్ తీసుకుంటే, అవసరం పడ్డప్పుడు క్లెయిమ్ తిరస్కరించే వీలుంది. మందులు, ఇన్సులిన్, ప్రిస్క్రిప్షన్ చేతిసంచిలో పెట్టుకోండి, చెకిన్ లగేజీలో కాదు. వచ్చే ముందు రెండు నెలలు రోజూ నడవండి, మెట్లెక్కి దిగండి. కొత్త బూట్లు కొని విమానంలోనే మొదటిసారి తొడిగేవాళ్ళకు నేనేమీ చెప్పలేను. పిల్లల పెళ్ళిళ్ళన్నీ అయ్యాక చూద్దాంలే అనుకునే వాళ్ళకు మాత్రం ఒక మాట: కాళ్ళు బాగున్నప్పుడే రండి.

ఇక మిగతా అపోహలు. “గుడిలో ఉన్నది అసలు సమాధి కాదు, గార్డెన్ టూంబే అసలుది” అని కొంతమంది గుడి గుమ్మం దగ్గరే నిలబడిపోతారు. గార్డెన్ టూంబ్ అంటే పాత నగరం గోడ బయట తోటలో ఉన్న రాతి సమాధి. ధూపం, పటాలు చూసి మన సంఘాల వాళ్ళకు ఇబ్బందిగా ఉంటుంది, అది అర్థం చేసుకోగలను. కానీ “యేసు గవిని (ఊరి ద్వారం) వెలుపల చనిపోయాడు, గుడి గోడ లోపల ఉంది” అనే వాదన నిలవదు. ఇప్పటి గోడ 16వ శతాబ్దపుది. సిలువ కాలంలో ఆ చోటు ఊరి బయటే ఉండేది. ఆ తర్వాత హేరోదు అగ్రిప్ప రాజు కాలంలో కొత్త గోడ కట్టి ఆ వైపును లోపలికి కలిపారు. అక్కడ రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ కట్టించిన గుడి ప్రతిష్ఠ 335లో జరిగింది. గార్డెన్ టూంబ్ 1867లో బయటపడింది, 1883లో బ్రిటిష్ సైన్యాధికారి జనరల్ గోర్డన్ రాకతో పేరొచ్చింది. ఆ గుహను క్రీస్తుకు శతాబ్దాల ముందే తొలిచారని పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బర్కాయ్ తేల్చారు, యోహాను రాసిందేమో ‘క్రొత్త సమాధి’ అని. ఇదే అసలు చోటని అక్కడి గైడ్లు కూడా పట్టుబట్టరు. ప్రశాంతంగా కూర్చుని రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. రెండూ చూడండి, గొడవెందుకు?

గెత్సేమనేలోని ఎనిమిది ముసలి ఒలీవ చెట్లు యేసు కాలం నాటివా? వాటిలో మూడింటి మొదళ్ళను కార్బన్ పరీక్ష చేస్తే 12వ శతాబ్దం దగ్గర తేలింది. వేళ్ళు ఇంకా పాతవి కావచ్చు. దయచేసి కొమ్మలు తుంచకండి.

ఎడారి దేశం కదా అని స్వెటరు తేకపోవడం ఇంకో పొరపాటు. యెరూషలేం కొండల మీద, 750 మీటర్ల పైన ఉంది. జనవరిలో వణికిపోతారు. యుద్ధ భయం గురించైతే వాట్సాప్ వీడియోలు నాకు పంపకండి, మన విదేశాంగ శాఖ సూచన ఏముందో చూసే మేం తేదీలు ఖాయం చేస్తాం.

చివరిగా, గల్ఫ్‌లో పిల్లలున్నవాళ్ళ టెన్షన్: “పాస్‌పోర్టులో ఇజ్రాయెల్ ముద్ర పడితే మళ్ళీ గల్ఫ్ వెళ్ళలేం.” ఇజ్రాయెల్ పాస్‌పోర్టులో ముద్ర వేయడం మానేసి చాలా ఏళ్ళయింది, ఒక చిన్న నీలం స్లిప్ ఇస్తారు. యూఏఈ, బహ్రెయిన్ 2020లోనే ఇజ్రాయెల్‌తో సంబంధాలు కలుపుకున్నాయి. కువైట్‌తో పనున్నవాళ్ళు మాత్రం నాకు ముందే చెప్పండి. ఇజ్రాయెల్ నుంచి ఈజిప్టులోకి దాటే తాబా సరిహద్దులో ఈజిప్టు వేసే ముద్ర చూస్తే ఎక్కణ్ణుంచి వచ్చారో తెలిసిపోతుంది, రూటు మార్చాల్సి రావచ్చు. ఆ నీలం స్లిప్ హోటల్లో అడుగుతారు, జాగ్రత్త. ప్రతి ట్రిప్పులో ఎవరిదో ఒకరిది కనబడక బస్సంతా వెతుకుతాం. పోయినసారి కీర్తనల గ్రంథంలో దొరికింది.