డ్రాగన్‌బార్న్ పేచీ: మనవలకు ఒక ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవులకు ఆశీస్సులు.

పాచికలేసి కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, డ్రాగన్ పోలికలున్న మనుషుల్లాంటి డ్రాగన్‌బార్న్ ఎలా పుట్టారన్న దాని మీద మీ ఇద్దరికీ పేచీ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇద్దరూ సరిగ్గానే చదివారర్రా, చదివిన పుస్తకాలే వేరు.

2006 నాటి పుస్తకంలో పుట్టుకతో ఎవరూ డ్రాగన్‌బార్న్ కారు. ఏ మనిషో, ఎల్ఫో బహమూత్ దేవుడి పిలుపు విని, క్రతువు చేసి, పాత ఒళ్లు వదిలేసి కొత్త ఒంటితో లేస్తాడు. 2008లో ఆట నాలుగో ఎడిషన్ వచ్చేసరికి వాళ్లదొక సొంత జాతి అయిపోయింది. కూలిపోయిన ఆర్ఖోసియా సామ్రాజ్యం వాళ్లదే, దెయ్యాల అంశ ఉన్న టీఫ్లింగుల సామ్రాజ్యం బేల్ టూరాథ్‌తో పాత పగా వాళ్లదే. ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే ఆటలోకంలో కథ మళ్లీ వేరు. ఏబీర్ అనే జంటలోకంలో డ్రాగన్లకు ఊడిగం చేసి, తిరగబడి, స్పెల్‌ప్లేగ్ ఉత్పాతంలో తమ నేలతో సహా ఇటు వచ్చిపడ్డారు. అదే టైమాంథర్. అక్కడివాణ్ని "మీ తాత డ్రాగనా?" అని అడిగితే కత్తి దూస్తాడు. ఆడడానికి నాకు ఈ కథే ఇష్టం. రక్తం ఎవరిదో పగా వాళ్ల మీదే.

డ్రాగన్‌లాన్స్ అనే ఇంకో ఆటలోకంలోని డ్రాకోనియన్లను మాత్రం వీళ్లతో కలపకండి. వాళ్లు మంచి డ్రాగన్ల గుడ్లను మంత్రంతో చెడగొడితే పుట్టినవాళ్లు. వాళ్లలో బాజ్ రకంవాడు చచ్చి రాయైపోతాడు, పొడిచినవాడి కత్తి అందులోనే ఇరుక్కుంటుంది.

2014 పుస్తకం ప్రకారం డ్రాగన్‌బార్న్ పిల్లలు గుడ్డులోంచి వచ్చిన కొన్ని గంటలకే నడుస్తారు, మూడేళ్లకు పదేళ్ల పిల్లలంత అవుతారు. వంశం పేరు ముందు, సొంత పేరు తర్వాత. మనకిది మామూలే, బరంపురంలో మీతో ఆడే ఒడియా పిల్లలకు మాత్రం విడమరిచి చెప్పాలి.

ఆట చెడేది ఊపిరి దగ్గర, అంటే డ్రాగన్‌లా నోటితో ఊది శత్రువును దెబ్బకొట్టే దగ్గర. 2014 లెక్కలో ఊపిరి వదిలితే ఆ వంతులో యాక్షన్ (చేయగల ముఖ్యమైన పని) మొత్తం పోతుంది. మొదట్లో ఆరు ముఖాల పాచికలు 2, ఒకసారి వాడాక విశ్రాంతి తీసుకునేదాకా మళ్లీ లేదు. 2024 కొత్త పుస్తకంలో దాడుల్లో ఒకదానికి బదులు ఊదొచ్చు. పది ముఖాల పాచిక 1, ఐదో లెవెల్లో 2. ఎన్నిసార్లన్నది లెవెల్‌తో పెరిగే ప్రొఫిషెన్సీ బోనస్‌ను బట్టి, అంటే మొదట 2, ఐదో లెవెల్ నుంచి 3. సుదీర్ఘ విశ్రాంతితో అన్నీ తిరిగొస్తాయి. పాత పాచికలు, కొత్త లెక్క కలిపేశారా, పక్కన గొడ్డలి పట్టుకున్నవాడు దండగ.

బలం +2, ఆకర్షణ +1 కూడా 2014వే. 2024లో ఆ పాయింట్లు బ్యాక్‌గ్రౌండ్ (పాత్ర పూర్వజీవితం) నుంచి వస్తాయి, రెండుచోట్లా వేసుకుంటే దొంగాటే. కొత్తవాడికి చీకట్లో 60 అడుగులు కనిపిస్తుంది, పాతవాడికి కాగడా కావాలి. ఐదో లెవెల్లో కొత్తవాడికి పది నిమిషాలపాటు రెక్కలొస్తాయి, కాబట్టి ఆట నడిపే డంజన్ మాస్టర్ తవ్విన లోయ అతణ్ని ఆపదు.

అందుకని పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీటు మీద పేరుకన్నా ముందు పుస్తకం సంవత్సరం, దాని కింద ఏ లోకమో రాయండి. దసరాకి వచ్చేటప్పుడు పది ముఖాల పాచికలు ఇంకో రెండు తెండి. పదకొండో లెవెల్‌లో ఊపిరికి 3 కావాలి, ఇక్కడ ఒక్కటే ఉంది.

ఇట్లు,
తాతయ్య