కారు ఒళ్ళంతా ఒక తీగ

పాత కారులో కొత్త స్టీరియో పెట్టించి, డిక్కీలో విడిగా ఒక ఆంప్లిఫయర్ కూడా బిగించుకున్న పాఠకుడొకరు ఒక ప్రశ్న పంపారు. పాట ఆపేసినా స్పీకర్లలో సన్నగా ఒక కూత వినబడుతోందట. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ వేగంతో పాటు దాని శ్రుతి పైకి పోతుందట, వదిలితే కిందికి దిగుతుందట. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా అది పోవడం లేదట. లోపం స్టీరియోదా, కారుదా అన్నది ఆయన సందేహం. డాష్‌బోర్డులో 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు గల గూడు చేసుకోవడం, ఏ రంగు తీగను దేనికి కలపాలో చూసుకోవడం ఓపికతో అయ్యే పనులు; వాటిని వదిలేస్తున్నాను. ఈ కూతను మాత్రం వదలలేను. విద్యుత్తు గురించి బడిలో నేర్చుకొని నమ్మిన ఒక విషయాన్ని అది బాహాటంగా కాదంటుంది.

కూత పుట్టేది ఆల్టర్నేటర్‌లో. ఇంజిన్ బెల్టుతో తిరిగే ఈ యంత్రం మూడు ఫేజుల ఏసీ కరెంటును ఉత్పత్తి చేస్తుంది. ఆరు డయోడ్లు దాన్ని ఒకే దిశకు మళ్ళిస్తాయి. అలా మళ్ళిన కరెంటు నున్నగా ఉండదు. ఒక్కో ఏసీ ఆవృత్తికి ఆరు చిన్న గుబ్బలు మిగిలిపోతాయి. రోటరులో సాధారణంగా 12 ధ్రువాలు, అంటే 6 జతలు ఉంటాయి కాబట్టి ఒక్క చుట్టుకు 36 గుబ్బలు. ఇంజిన్ నిమిషానికి 900 చుట్లతో ఊరికే తిరుగుతున్నప్పుడు, పుల్లీల నిష్పత్తి 2.5 అనుకుంటే, ఆల్టర్నేటర్ సెకనుకు 37.5 చుట్లు తిరుగుతుంది; 36తో గుణిస్తే 1,350 హెర్ట్జ్. ఇంజిన్ 3,000 చుట్లకు చేరితే అది 4,500 హెర్ట్జ్ అవుతుంది. మనిషి చెవి అతి చురుగ్గా ఉండేది సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యనే కాబట్టి, ప్రయాణంలో ఇంజిన్ ఎక్కువసేపు ఉండే వేగాల్లోనే ఈ కూత మనల్ని బాగా వేధిస్తుంది. గుబ్బల్లో చాలా భాగాన్ని బ్యాటరీ చదును చేస్తుంది. మిగిలిన కొద్దిపాటి అలతోనే ఇంత గోల.

ఆ అల స్పీకరు దాకా ఎలా చేరిందన్నదే అసలు కథ. కారులో చాలా పరికరాలకు బ్యాటరీ నుంచి వెళ్ళే తీగ ఒక్కటే. తిరుగు ప్రవాహానికి విడిగా తీగ వేయరు. బ్యాటరీ నెగటివ్ కొసను బాడీకి బిగిస్తారు, ప్రతి పరికరమూ తన రెండో కొసను దగ్గర్లోని ఇనుముకు కలుపుకుంటుంది. హెడ్‌లైట్ల కరెంటు, ఫ్యాను కరెంటు, వైపర్ల కరెంటు, స్టీరియో కరెంటు అన్నీ అవే రేకుల గుండా వెనక్కి వస్తాయి. ఎర్త్ అని పిలుచుకునే ఈ ఇనుమును మనం నిలవ నీటి చెరువులా ఊహించుకుంటాం, ఎక్కడ చూసినా మట్టం ఒకటేనని. నిజానికి అది పారే కాలువ. నీరు పారుతున్నంతసేపు ఎగువ మట్టం దిగువ మట్టం కంటే ఎంతో కొంత ఎత్తులోనే ఉంటుంది, లేకుంటే పారదు. ఎగువ మనిషి తన దగ్గరి నీటికి మూరెడు ఎత్తున ఒక దారాన్ని సమతలంగా లాగి దిగువ మనిషికి అందిస్తే, అతను తన దగ్గరి నీటి నుంచి కొలిచి మూరెడున్నర అంటాడు. ఎగువ నీరు అలలతో లేచి పడుతుంటే దారమూ లేచి పడుతుంది. తాను మూరెడు ఎత్తులో ఏ మార్పూ చేయలేదని ఎగువ మనిషి నిజాయితీగానే చెబుతాడు, ఎత్తు మారుతూనే ఉందని దిగువ మనిషీ అంతే నిజాయితీగా చెబుతాడు. ఎగువన స్టీరియో, దిగువన ఆంప్లిఫయర్, దారమే పాట మోసే తీగ. ఇద్దరి మాటకూ మధ్య ఉన్న తేడాయే కూత.

కాలువ పొడవునా వాలు ఒకేలా ఉండదు. పూడిక పేరుకున్న చోట మట్టం ఒక్కసారిగా పడుతుంది. ఉక్కు నిరోధం రాగి కంటే చాలా రెట్లు ఎక్కువైనా, బాడీ రేకు వెడల్పు ఆ లోటును తీరుస్తుంది. పూడిక పేరుకునేది కీళ్ళ దగ్గర: తుప్పు పట్టిన బోల్టు కింద, రంగు మీదనే బిగించిన వాషరు కింద, ఇంజిన్‌ను బాడీతో కలిపే అల్లిక పట్టీలో సగం పోగులు తెగిన చోట. పాత కారుకు ఈ జబ్బు ఎక్కువ కావడానికి ముఖ్య కారణం ఇదే. అలాంటి ఒక కీలు నిరోధం 5 మిల్లీ ఓములనుకుందాం. దాని గుండా 20 ఆంపియర్లు పోతే 100 మిల్లీవోల్టులు పడతాయి. అందులో ఇరవయ్యో వంతే అల అనుకున్నా 5 మిల్లీవోల్టులు. స్టీరియోను ఆంప్లిఫయర్‌తో కలిపే ఆర్‌సీఏ కేబుల్ పై తొడుగు ఈ రెండు ఎర్త్‌ల మధ్య రెండో దారి తెరుస్తుంది కాబట్టి బాడీ కరెంటులో కొంత దానిలోకి మళ్ళుతుంది, తొడుగు మీద పడిన ఆ మిల్లీవోల్టులు నేరుగా సంకేతంతో కలిసిపోతాయి. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. స్టీరియో పంపే గరిష్ఠ సంకేతం 2 వోల్టులైతే ఈ అల అందులో నాలుగు వందల వంతు, అంటే 52 డెసిబెళ్ళు తక్కువ. జోరైన పాటలో వినబడదు. పాట ఆగగానే దాన్ని కప్పడానికి ఏమీ ఉండదు.

ఓమ్ నియమం చెప్పిన పుస్తకమే రెండు పుటలు దాటగానే తీగలకు నిరోధం లేదని అనుకోమంటుంది, ఒకే పటంలో పది చోట్ల ఎర్త్ గుర్తు గీసి అదంతా ఒకే బిందువు అంటుంది. బల్బు వెలిగించడానికి ఆ ఊహ చాలు. కానీ ఒక లావుపాటి తీగలో 10 ఆంపియర్లు పంపి, దాని రెండు కొసల మధ్య మిల్లీవోల్టులను విద్యార్థుల చేత ఒక్కసారైనా కొలిపించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మన పాఠకుడు వాల్యూమ్ మాట చెప్పి మంచి పని చేశారు. వాల్యూమ్‌తో పాటు కూత పెరిగి తగ్గితే అది వాల్యూమ్ నియంత్రణకు ముందే చొరబడింది. ఛార్జరుకు తగిలించిన ఫోనును తీగతో స్టీరియోకు కలిపినప్పుడు తరచు ఇలాగే జరుగుతుంది, అది కూడా ఒక లూపే. వాల్యూమ్‌తో మారకపోతే కూత ఆ తర్వాత, ఎక్కువగా ఆర్‌సీఏ కేబుల్ దగ్గర కలిసింది. ఈ విచారణ చేయకుండానే చాలామంది బంగారు పూత ప్లగ్గులు కొంటారు. బంగారం తుప్పు పట్టదు, నిజమే. తుప్పు ఉన్నది మరో చోట బోల్టు కింద. తాయెత్తులను చూసి నవ్వేవారే తీగ చుట్టూ ఫెరైట్ ఉంగరాన్ని భక్తితో తొడుగుతారు. మెగాహెర్ట్జ్‌ల దగ్గర పనిచేసే ఆ ఉంగరానికి 1,350 హెర్ట్జ్ కూత కనబడనైనా కనబడదు.

బాడీని తీగగా వాడడం వల్ల పాత కార్లలో కూతను మించిన ప్రమాదాలూ ఉన్నాయి. 1960ల మధ్య వరకు చాలా బ్రిటిష్ కార్లలో బాడీకి బిగించింది బ్యాటరీ పాజిటివ్ కొసను. కొత్త స్టీరియో లోహపు పెట్టె లోపల నెగటివ్‌తో కలిసి ఉంటుంది. అలాంటి కారులో దాన్ని ఇనుముకు బిగించి నెగటివ్ తీగను బ్యాటరీకి కలిపితే నేరుగా షార్టే. రెండోది మరింత గుట్టుగా ఉంటుంది. పాత రేడియోలు చాలావాటిలో స్పీకరు ఒక కొస బాడీకే కలిసి ఉండేది. నేటి స్టీరియోలో ఒక్కో స్పీకరును రెండు ఆంప్లిఫయర్లు ఇరువైపుల నుంచి ఎదురెదురుగా నడుపుతాయి. పాట లేనప్పుడు రెండు కొసలూ సుమారు 7 వోల్టుల దగ్గర నిలుస్తాయి, వాటి మధ్య తేడా సున్నా. పాత పద్ధతిలో ఒక కొసను బాడీకి కలిపితే 4 ఓముల స్పీకరు మీద 7 వోల్టుల డీసీ పడుతుంది: 1.75 ఆంపియర్లు, 12 వాట్లు. కోను ఒక పక్కకు నెట్టుకుపోయి, కాయిల్ ఊరికే కాలుతుంది. లేదా స్టీరియోలోని ఆంప్లిఫయర్ చిప్ తనను తాను ఆపేసుకుంటుంది. స్టీరియో డబ్బా మీద అచ్చువేసే 50 వాట్ల గుట్టు కూడా ఇక్కడే ఉంది. 14.4 వోల్టులతో 4 ఓముల స్పీకరుకు ఇవ్వగల సైను తరంగం 14.4 వర్గాన్ని 8తో భాగిస్తే వచ్చే 26 వాట్లను దాటదు. 4తో భాగిస్తే 52 వస్తాయి, కానీ అది చతురస్ర తరంగం, అంటే పూర్తిగా చెడిపోయిన ధ్వని.

చికిత్సకు వస్తే, రెండు చుట్టల ట్రాన్స్‌ఫార్మరుతో చేసిన ఐసోలేటర్ లూప్‌ను తెంచుతుంది, కానీ చిన్న కోరు గలది మంద్ర స్వరాలను కూడా కత్తిరిస్తుంది. అందుకే నేను దాన్ని ఆఖరికి ఉంచుతాను. ముందు ఎర్త్‌ను చూడాలి. మల్టీమీటరు ఓములలో కొలిస్తే ప్రయోజనం లేదు, దాని తీగల నిరోధమే మనం వెతికే దాని కంటే చాలా రెట్లు ఎక్కువ. ఇంజిన్ నడుపుతూ, హెడ్‌లైట్లు, ఫ్యాను వేసి, మీటరును డీసీ మిల్లీవోల్టులకు తిప్పి, ఒక కొసను బ్యాటరీ నెగటివ్ మీద ఉంచి రెండో కొసను కీలు కీలుకూ జరుపుతూ పోవాలి: కేబుల్ చివర, బోల్టు తల, దాని పక్కన గీకిన రేకు, డాష్‌బోర్డు వెనక ఎర్త్, డిక్కీలో ఆంప్లిఫయర్ ఎర్త్. మీటరు అంకె ఏ రెండు చోట్ల మధ్య గబుక్కున ఎగురుతుందో ఆ కీలును విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, బిగించి, గ్రీజు పూసి మళ్ళీ కొలవాలి.