ఆక్యుపంక్చర్ కి మొదటిసారి వెళ్తున్నారా? ముందు ఈ అపోహలు, వాస్తవాలు చూడండి

ఆక్యుపంక్చర్ (ఒంటి మీద "పాయింట్లు" అనే కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చే చైనా వైద్య పద్ధతి) అనగానే కొంతమంది అదంతా బోగస్ అంటారు, ఇంకొంతమంది షుగర్ నుంచి కాన్సర్ దాకా అన్నీ సూదులతో పోతాయంటారు. ఇదే పని చేసుకుంటున్న మనిషిగా చెప్తున్నా, రెండూ నిజం కాదు. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం రెండోది, అందుకే దాంతోనే మొదలుపెడతా.

అపోహ: సూదులు మొదలుపెట్టాక ఇంగ్లీషు మందులు ఆపేయొచ్చు.

వద్దండీ, దయచేసి వద్దు. బీపీ టాబ్లెట్, థైరాయిడ్ మాత్ర, ఫిట్స్ మందు, స్టెంట్ వేశాక ఇచ్చే మందులు, ఇవన్నీ ఆపాలా తగ్గించాలా అన్నది వాటిని రాసిన డాక్టర్ తేల్చాల్సిన విషయం, మేం కాదు. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లాడికి ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణం పోవచ్చు, ఏ పాయింట్ లో ఎన్ని సూదులు పెట్టినా అది ఆగదు. "మందులు మానేస్తేనే మా ట్రీట్‌మెంట్ పనిచేస్తుంది" అని ఎవరైనా అంటే ఫీజు కట్టేసినా సరే లేచి వచ్చేయండి. అసలు ఫలానా మందుతో షుగర్, కాన్సర్ నయం చేస్తాం అని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం.

మరి దేనికి పనికొస్తుంది అంటే, ముఖ్యంగా నొప్పులకి. నడుము, మెడ, మోకాళ్ళు, మైగ్రేన్, ఇంకా ఆపరేషన్ తర్వాత, కీమో తర్వాత వచ్చే వికారం, వాంతులు. జర్మనీలో 1162 మంది నడుము నొప్పి పేషెంట్ల మీద పెద్ద స్టడీ జరిగింది, 2007 లో రిజల్ట్స్ వచ్చాయి. ఆరు నెలలకి చూస్తే ఆక్యుపంక్చర్ తో 47.6 శాతం మందికి మెరుగైంది, మామూలుగా ఇచ్చే మందులు, ఫిజియోథెరపీ, ఎక్సర్‌సైజులతో 27.4 శాతానికే. మా ఫీల్డ్ లో చాలామంది ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. అదే స్టడీలో ఇంకో గ్రూపుకి పాయింట్లు కాని చోట పైపైన సూదులు పెట్టారు, వాళ్ళలో కూడా 44.2 శాతం మందికి మెరుగైంది! అంటే రిలీఫ్ వచ్చిన మాట నిజమే, కానీ ఒక్కో పాయింట్ కి ఒక్కో జబ్బు పోతుందనే మాట నిలబడటం కష్టం. పేషెంట్ కి ఇది తెలియాల్సిందే అని నా అభిప్రాయం. అలాగే నాడి, నాలుక చూసి "కిడ్నీ వీక్" అన్నారనుకోండి, అది చైనా పద్ధతిలో ఒక అంచనా మాత్రమే, నిజంగా కిడ్నీ జబ్బు ఉందో లేదో రక్త, మూత్ర పరీక్షల్లోనే తేలుతుంది.

సూది నొప్పి గురించి ఎక్కువ భయం వద్దు. మందు ఎక్కించే సూదిలా లోపల బోలుగా ఉండదు, మందం 0.25 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పెట్టినచోట బరువుగా, లాగినట్టు ఉంటే మామూలే, కరెంట్ కొట్టినట్టు ఉంటే వెంటనే చెప్పండి. ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు, కళ్ళు తిరుగుతాయి. రక్తం పల్చబడే మందులు వాడుతున్నా, ప్రెగ్నెన్సీ ఉన్నా, పేస్‌మేకర్ ఉన్నా ముందే చెప్పాలి, ఎందుకంటే కొన్నిసార్లు సూదులకి సన్నగా కరెంట్ ఇస్తాం, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి అది పెట్టకూడదు. సూదుల ప్యాకెట్ మీ ముందే విప్పాలి, వాడాక పారేయాలి, లేదంటే హెపటైటిస్ బి అంటుకునే ప్రమాదం ఉంది. ఛాతీ, వీపు పైభాగంలో సూదులు పెట్టించుకున్నాక ఆయాసం వస్తే ఇంట్లో కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి, ఊపిరితిత్తికి గుచ్చుకోవడం చాలా అరుదు కానీ జరుగుతుంది.

అపోహ: చైనా మూలికలు నేచురల్, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు.

సూదుల కన్నా నాకు ఎక్కువ భయం దీని గురించే. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికల క్యాప్సూల్స్ మింగిన వందమందికి పైగా ఆడవాళ్ళకి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఒక మూలిక బదులు కిడ్నీలని పాడుచేసే అరిస్టోలోకియా జాతి మొక్క కలిసిపోయింది, తర్వాత కొందరికి మూత్రనాళాల్లో కాన్సర్ కూడా వచ్చింది. అలాగని చైనా మూలికల్లో ఏమీ లేదనను, మలేరియాకి వాడే ఆర్టెమిసినిన్ అలా దొరికిందే, దానికి చైనా శాస్త్రవేత్త తూ యూయూ గారికి 2015 లో నోబెల్ వచ్చింది. కానీ అది మొక్కలోంచి తీసి, పరీక్షలు చేసి, డోసు తేల్చిన మందు. పేరు, తయారీదారు, బ్యాచ్ నంబర్ లేని పొడి పొట్లం అలాంటిది కాదు, ఎవరిచ్చినా తీసుకోవద్దు. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళు మరీ జాగ్రత్త, డాన్‌షెన్ లాంటి మూలికలు తోడైతే బ్లీడింగ్ ఎక్కువవుతుంది.

ఆక్యుపంక్చర్ కి ప్రభుత్వ గుర్తింపు ఉందా అని అడుగుతుంటారు. 2019 లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆర్డర్ ఇచ్చింది, ఉంది. అలాగని ప్రతి బోర్డు వెనకా సరైన చదువు ఉన్నట్టు కాదు, ఎక్కడ నేర్చుకున్నారు, ఎంతకాలం నేర్చుకున్నారు అని మొహమాటపడకుండా అడగండి.

మొదటిరోజే పెద్ద ప్యాకేజీకి డబ్బులు కట్టేయొద్దు. ఐదారు సిట్టింగులకి కూడా ఏ మార్పూ లేకపోతే నేనైతే ఆపేయమనే చెప్తా. ఇక నడుము నొప్పితో పాటు కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం మీద కంట్రోల్ పోయినా మా దగ్గరికి రావద్దు, అదేరోజు న్యూరో సర్జన్ ఉన్న హాస్పిటల్ కి వెళ్ళాలి.