వానడవుల్లో పాత మనుషులు: అపోహలు - వాస్తవాలు

తవ్వకాల్లో దొరికే గింజలు, బొగ్గు, ఎముకలు పరిశీలించడం నా పని. వానడవుల గురించి తరచుగా వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి జవాబులివి.

అపోహ: దట్టమైన వానడవిలో తిండి దొరకదు. వ్యవసాయం వచ్చాకే మనిషి అక్కడ బతకగలిగాడు.

వాస్తవం: 1980ల్లో కొందరు మానవశాస్త్రవేత్తలు కూడా ఇలాగే వాదించారు. పిండి పదార్థం ఉన్న దుంపలు తక్కువ, జంతువులేమో చెట్ల పైన ఉంటాయి, ఎలా బతుకుతారని. దీనికి జవాబు మన పక్కనే, శ్రీలంక నైరుతి ప్రాంతంలో దొరికింది. అక్కడి ఫాహియన్ లేన గుహలో సుమారు 48,000 ఏళ్ల కిందటి నుంచి మనుషుల ఆనవాళ్లున్నాయి. వాళ్లు తిని పారేసిన ఎముకల్లో ఎక్కువ భాగం కోతులవి, కొండముచ్చులవి, పెద్ద జాతి ఉడుతలవి. అందులోనూ ఎదిగిన జంతువులవే ఎక్కువ. అంటే చేతికి చిక్కినదాన్ని పట్టుకోలేదు, ఎంచుకుని వేటాడారు. చిటారు కొమ్మన గెంతే కోతిని కొట్టడం మామూలు నేర్పు కాదు. ఎముకను చెక్కి సన్నటి మొనలు చేసుకున్నారు. వాటి మీద దెబ్బల గుర్తులను బట్టి అవి బాణపు మొనలేనని 2020లో వచ్చిన అధ్యయనం చెప్పింది.

వేటకు వచ్చి వెళ్లిపోయేవారేమో అని అడగొచ్చు. పళ్లు ఆ అనుమానం తీర్చాయి. దట్టమైన నీడలో పెరిగే మొక్కల్లో కార్బన్ ఐసోటోపుల (బరువులో కొద్ది తేడా ఉన్న కార్బన్ రకాల) నిష్పత్తి బయలు గడ్డినేలల మొక్కల్లో లాగా ఉండదు. ఆ తేడా తిండితో పాటు పంటి ఎనామిల్‌లోకి చేరి వేల ఏళ్లు చెరగకుండా ఉంటుంది. అక్కడి గుహల్లో దొరికిన మనుషుల పళ్లను పరీక్షిస్తే, కనీసం 20,000 ఏళ్ల కిందటి నుంచీ వాళ్ల తిండి ప్రధానంగా అడవిదేనని 2015లో తేలింది. నాకైతే ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

అపోహ: తడి నేలలో అన్నీ కుళ్లిపోతాయి, తవ్వినా ఏమీ దొరకదు.

వాస్తవం: చెక్క, తోలు పోతాయి, నిజమే. మాడిన గింజలు, మొక్కల కణాల్లో ఏర్పడే సిలికా రేణువులు, రాతి పనిముట్లకు అంటిన పిండి రేణువులు మిగులుతాయి. మట్టిని నీళ్లలో తేల్చి, జల్లెడ పట్టి, మైక్రోస్కోప్ కింద చూసే ఓపిక కావాలి, అంతే.

అపోహ: అమెజాన్ మనిషి చెయ్యి పడని అడవి.

వాస్తవం: అక్కడ చాలాచోట్ల బొగ్గు, ఎముకలు, వంటింటి చెత్త, కుండపెంకులు కలిసిన సారవంతమైన నల్లమట్టి ఉంది. అది జనం నివసించిన చోట తయారైన మట్టి. బొలీవియా అమెజాన్‌లో ఆకాశం నుంచి లైడార్‌తో, అంటే లేజర్ కిరణాలు పంపి నేల ఎత్తుపల్లాలు కొలిస్తే, సుమారు క్రీ.శ. 500 - 1400 మధ్య కట్టిన పెద్ద మట్టి దిబ్బలు, బాటలు, కాలువలు చెట్ల కింద బయటపడ్డాయి.

అపోహ: అప్పట్లోనే అంతమంది బతికారు కదా, ఇప్పుడు నరికితే నష్టమేంటి?

వాస్తవం: మా పరిశోధనను ఇలా వాడుకోవడం చూస్తే బాధేస్తుంది. శ్రీలంక గుహల వాళ్లు వేల ఏళ్లు వేటాడినా ఆ కోతి జాతులు అంతరించలేదు, ఎందుకంటే అడవి అలాగే ఉంది. ఆ కోతుల్లో ఒకటైన టోక్ మకాక్ ఈరోజు అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. దానికి ముఖ్య కారణాల్లో ఒకటి, అడవిని కొట్టేసి తోటలు, ఊళ్లు పెంచడం.