ఆర్కెస్ట్రా వింటే పిల్లల శ్రుతి చెడిపోతుందా?

విజయనగరంలో వయొలిన్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. నెలకో ఆదివారం సాయంత్రం మా హాల్లో గోడకు తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, ఒక ఆర్కెస్ట్రా కచేరీ వీడియో వేస్తాను. పోయిన నెల గ్రీగ్ పియానో కాన్చెర్టో (ఆర్కెస్ట్రా తోడుగా పియానో ముందుండి నడిచే రచన), స్మెతనా టోన్ పోయెమ్ ‘వల్తావా’ (మాటల్లేకుండా వాద్యాలతోనే ఒక నది కథ చెప్పే రచన) ఉన్న కచేరీ వేశాను. మర్నాడు పొద్దున్నే ఒక తల్లి ఫోను. "మాస్టారూ, పాప వర్ణాల పాఠాల్లో ఉంది. ఇప్పుడీ వెస్టర్న్ ఏటి? శ్రుతి పాడైపోద్దేమో!"

అపోహ: పాశ్చాత్య సంగీతం వింటే శ్రుతి చెడుతుంది, గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పోతుంది.

పోదండీ. ఎవరో ఎక్కడో అన్న మాట పట్టుకుని పిల్లల చెవులు మూసేయకండి. పాప చేతిలో ఉన్న ఆ వయొలిన్ ఎక్కడిది? బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ వాద్యగాడి దగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు దొరల బాణీలు విని శంకరాభరణంలో నలభై దాకా నొట్టుస్వరాలు కట్టారు. ఆయన కృతుల్లో గమకానికి ఏం లోటొచ్చింది? 1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు మనది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోట ఈ భయం వింటే నాకు నిజంగా బాధేస్తుంది.

కచేరీ మొదలవక ముందు ఏం జరుగుతుందో చూడండి. పియానో శ్రుతిని అక్కడికక్కడ మార్చలేరు. అందుకని దాని ‘ఏ’ (A) స్వరం పలికించి, అందరూ దానికే కలుపుకుంటారు. అంతమంది ఒక్క స్వరం కోసం చెవి ఒగ్గి బిరడాలు తిప్పుతుంటారు. తంబురకి మనం చేసేదీ అదే కదా. తర్వాత గ్రీగ్ కాన్చెర్టో మొదలు: టింపనీ అనే పెద్ద డోలు ఉరుము, వెంటనే పియానో పైనుంచి కిందికి దూకుతుంది. ఆ ‘ఏ’నే షడ్జమం (స) అనుకుంటే మొదట పలికేవి స–ని–ప, అదీ కాకలి నిషాదంతో (పై రకం ‘ని’తో). అదే ‘ని’ ఉన్న కీరవాణి రాగం నేర్చిన కుర్రాడొకడు నా మోచెయ్యి పట్టుకుని లాగాడు, "మాస్టారూ, కీరవాణే!" అని.

ఫోన్ చేసిన ఆవిడ కూతురి సంగతి వేరు. ఆర్నెల్లుగా ఖరహరప్రియ రాగంలో గాంధారం (గ) దగ్గర తడబడుతోంది. ఊపు వేస్తుంది గానీ దేన్ని ఊపుతోందో చెవికి తెలియదు. వల్తావాలో నది పాట ప–స–రి–గ–మ–ప అని ఎక్కుతుంది, అందులోనూ ఖరహరప్రియలో ఉన్న ‘సాధారణ గాంధారం’ అనే కింది రకం ‘గ’నే, కానీ నిటారుగా నిలబడి ఉంటుంది. ఆ వారం పాప చేత ముందు అదే వాయించాను. కమాను నిండా లాగించి, వేలు కదపకుండా. తర్వాత అదే గాంధారానికి గమకం వెయ్యమన్నాను. మూడోసారికి కుదిరింది. పాప ఆగిపోయి తన వేలి వంకే చూసుకుంది.

చెవి నిజంగా చెడేది ఎక్కడో చెబుతాను. కీబోర్డు పెట్టుకుని దాంతోపాటే రోజూ వర్ణం పాడిస్తే చెడుతుంది, దాని మీద స్వరాలు కదలవు కాబట్టి. ఆ అలవాటు మాన్పించండి. వినడం వేరు, సాధన వేరు.

అపోహ: కథ తెలియకపోతే టోన్ పోయెమ్ అర్థం కాదు. నాగావళి గట్టు మీద కాసేపు కూర్చున్నవాళ్లకి ఏ కథా అక్కర్లేదు. వల్తావాలో ఫ్లూట్లు ఒక ఊట, క్లారినెట్లు ఇంకో ఊట, అవి కలిసి నది అవుతాయి. 1874లో, వినికిడి పూర్తిగా పోయాక రాశాడు స్మెతనా దాన్ని.

అపోహ: ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ ఊరికే చేతులు ఊపుతాడు. కాన్చెర్టోలో పియానో ఒక్కటే మోగే భాగం ముగిసే చోట పియానో వాయించేవారి కళ్లూ, కండక్టర్ కళ్లూ చూడండి, చాలు.

ఇంకొకటి, ఇది అపోహ కాదు గానీ ప్రతిసారీ జరుగుతుంది. వల్తావా మొదట్లో చాలా సన్నగా వినిపిస్తుంది. ఎవరో ఒకరు "సౌండ్ రావట్లేదేటి" అని రిమోట్ అందుకుంటారు. కాసేపటికి వాద్యాలన్నీ కలిసేసరికి చిన్నపిల్లలు చెవులు మూసుకుంటారు. రిమోట్ ముట్టుకోకండి. ఫోన్ స్పీకర్లో అసలు వినకండి, కింది స్థాయి తీగలు సరిగ్గా వినపడవు.

చప్పట్ల గురించి టెన్షన్ పడేవాళ్లూ ఉన్నారు. కాన్చెర్టో మొదటి భాగం ముగింపు విని అయిపోయిందనుకుని కొట్టేశారా, తప్పేమీ లేదు. ఆ రోజుల్లో అక్కడివాళ్లూ కొట్టేవారు.