పంట పెరిగింది, నిల్వ తగ్గింది

స్పెయిన్‌లో ఆలివ్ లెక్కల సంవత్సరం అక్టోబర్ 1న మొదలై సెప్టెంబర్ 30న ముగుస్తుంది. ఆ ఆఖరి రోజున ట్యాంకుల్లో ఎంత నూనె మిగిలిందో అదే ఆ ఏటి నిల్వ. ప్రపంచపు ఆలివ్ నూనెలో, మామూలు ఏడాదిలో, దాదాపు నలభై శాతం ఆ దేశానిదే. కాబట్టి బంజారాహిల్స్ సూపర్‌మార్కెట్‌లో సీసా ధర చూసి గుండె గుభేలుమన్నవాళ్లు వెతకాల్సింది ఈ అంకెనే.

2022 అక్టోబర్‌లో అక్కడ సుమారు 4.5 లక్షల టన్నుల పాత నూనె ఉంది. ఏడాది తిరిగేసరికి అది 2.5 లక్షలకు పడింది. ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. అంతకు ముందు సీజన్‌లో సుమారు 15 లక్షల టన్నులు తీసిన దేశం, కరువు దెబ్బకి 2022-23లో 6.65 లక్షల దగ్గర ఆగిపోయింది. తమాషా అంతా ఆ తర్వాతి సీజన్‌లో ఉంది. 2023-24లో ఉత్పత్తి సుమారు 8.5 లక్షల టన్నులకు పెరిగింది. అయినా 2024 సెప్టెంబర్ చివరికి నిల్వ 2 లక్షల లోపుకు దిగిపోయింది.

నిజానికి ఇది కూడికలు, తీసివేతల లెక్క. పాత నిల్వకు కొత్త ఉత్పత్తి, దిగుమతులు కలిపి, అందులోంచి దేశంలో వాడిందీ ఎగుమతి చేసిందీ తీసేస్తే మిగిలేదే నిల్వ. పంట పెరిగినా అమ్మకాలకు చాలకపోతే పాత ట్యాంకులు ఖాళీ చేయాల్సిందే. మొదటి ఏడాది పెద్ద నిల్వ ఆదుకుంది. రెండో ఏడాదికి ఆదుకునేంత మిగల్లేదు. అందుకే దిగుబడి కాస్త కోలుకున్న ఆ సీజన్‌లోనే, 2024 జనవరిలో, మేలు రకం నూనె ధర మిల్లు దగ్గరే కిలో 9 యూరోల దాకా వెళ్లింది. అంత ధర పెట్టలేక జనం వాడకం తగ్గించుకున్నారు. ఆ తగ్గుదలే లేకపోతే ఆ మిగిలింది కూడా మిగిలేది కాదు.

దిగుబడి ఇంతగా ఎందుకు ఊగిసలాడుతుంది? వాన సంగతి అందరికీ తెలిసిందే. ఎండ సంగతి చూద్దాం. 2023 ఏప్రిల్ 27న దక్షిణ స్పెయిన్‌లోని కొర్డోబాలో 38.8 డిగ్రీలు నమోదైంది. ఆలివ్ తోటలు పూతకొచ్చే రోజులవి. ఆలివ్ పుప్పొడిని మోసేది గాలే. ఆ గాలి వేడిగా, పొడిగా ఉంటే పువ్వు ఎండిపోతుంది. అసలే పూసిన వంద పూలలో ఒకటో రెండో కాయగా నిలిస్తే మంచి కాపు కింద లెక్క.

వాన, ఎండ రెండూ అనుకూలించినా ఈ చెట్టు ఏటా ఒకేలా కాయదు. మామిడిదీ ఇదే గుణం. బాటసింగారం మార్కెట్‌కు సరుకు తెచ్చే ఏ రైతును అడిగినా చెబుతాడు. ఆలివ్ పూత నిరుడు పెరిగిన కొమ్మల మీదే వస్తుంది. విరగకాసిన ఏడు చెట్టు సత్తువంతా కాయలకే పోతుంది, కొత్త కొమ్మ సాగదు. పైగా కాయలోని గింజ నుంచి వెళ్లే జిబ్బరెల్లిన్ లాంటి హార్మోన్ల సంకేతాలు పక్కనున్న మొగ్గలను పూమొగ్గలు కానివ్వవు. మన మామిడి రైతులు చెట్టు మొదట్లో పోసే పాక్లోబ్యూట్రజాల్ అనే మందు ఆపేది సరిగ్గా ఈ జిబ్బరెల్లిన్ తయారీనే. ఆలివ్ రైతులు మాత్రం ఎక్కువగా కొమ్మల కత్తిరింపుతో, కాయను తొందరగా కోసెయ్యడంతో సర్దుకుంటారు.

కాపున్న ఏడు బోలెడు దాచేస్తే సరిపోదా అంటే, నూనె ఆగదు. స్టీలు ట్యాంకుల్లో, నైట్రోజన్ నింపి, చల్లగా ఉంచినా ఏడాదిన్నర, రెండేళ్లు దాటితే రుచీ వాసనా తగ్గిపోతాయి. ఉప్పునీళ్లలో ఊరే కాయలు అంతకంటే ఓపికైనవి, వాటి నిల్వ లెక్క వేరే.

2024-25లో వానలు పడ్డాయి. ఉత్పత్తి సుమారు 14 లక్షల టన్నులకు ఎగబాకింది, 2025 వసంతానికి మిల్లు ధర కిలో 4 యూరోల కిందికి వచ్చింది. అలాంటి కాపు తర్వాత నిల్వ పెరిగిందని మురిసిపోయే ముందు అక్కడి వ్యాపారులు ఒక్కసారి తోటలోకి వెళ్లి, కొత్త కొమ్మ ఎంత సాగిందో చూసుకుంటారు.